గరీబ్‌పేట ఎర్రరాయి



మన యౌవనస్థులు కొందరు చందానగర్‌లో అద్దెకుండి హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్లొస్తున్నారు. కంపెనీల్లో మనుషుల్ని తీసేస్తున్నారన్న మాట వినబడితే చాలు, "గోమేధికం ఉంగరం పెట్టుకో, రాహుదోషం పోయి ఉద్యోగం నిలబడుతుంది" అని చెప్పేవారు దొరుకుతారు. కష్టపడి దాచుకున్న జీతం దానికి పెట్టేముందు, ఆ రాయి సంగతి కొంచెం తెలుసుకుందాం.

గోమేధికం గార్నెట్ జాతి రాయి, తేనెరంగులో ఉంటుంది. అదే జాతిలో ముదురు ఎరుపుదాన్ని ఆల్మండైన్ అంటారు. గార్నెట్ అన్న పేరు లాటిన్ భాషలో దానిమ్మకున్న మాట నుంచి వచ్చింది. ఎర్రరాయిని చేతిలోకి తీసుకుంటే దానిమ్మ గింజే గుర్తొస్తుంది. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాళ్లు భూమి లోతున వేడికీ ఒత్తిడికీ మారినప్పుడు ఇది పుడుతుంది. ఆ ఎరుపు ఇనుము వల్ల వచ్చింది.

ఈ ఎర్రరాయి మన తెలంగాణలోనే, కొత్తగూడెం ప్రాంతంలోని గరీబ్‌పేట దగ్గర ఉంది. కొండరాతి నుంచి ఊడి కింద మట్టిలో గింజలుగా చేరుతుంది. పూర్వం ఇక్కడి రాయి పుదుచ్చేరి దగ్గరున్న అరికమేడు రేవుకు వెళ్లి పూసలుగా మారేదని పరిశోధకులు చెబుతున్నారు. రోమా సామ్రాజ్యంతో వర్తకం నడిచిన రేవు అది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు.

2018లో ఇంకొక సంగతి వెలుగులోకి వచ్చింది. తొలి బైజాంటైన్ కాలంలో క్రైస్తవ చిత్రం చెక్కిన ఒక ఎర్రరాయిని పరీక్షించారు. దాని లోపల సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నని సూదులు కనిపించాయి. ఆ సూదులూ, రాయిలోని రసాయనాల పాళ్లూ గరీబ్‌పేట రాయితో సరిపోయాయి. మన కొండ కింద ఎవరో ఏరిన గింజ సముద్రం దాటి విశ్వాసుల చేతికి చేరిందన్నమాట!

నగల కొట్టులో అలాంటి సూదులుంటే లోపమంటారు, ధర తగ్గిస్తారు. ఆ లోపమే దాని సొంతూరు ఏదో చెప్పింది.

నోవహు ఓడలో ఎర్రరాయే దీపంలా వెలిగిందని ఒక కథ ఉంది. వాక్యంలో ఆ మాట లేదు. నిర్గమకాండము 28వ అధ్యాయంలో మాత్రం ప్రధాన యాజకుని పతకంలో 12 రత్నాలున్నాయి. వాటి మీద 12 గోత్రాల పేర్లు చెక్కించారు. యాజకుడు తన అదృష్టం కోసం వాటిని ధరించలేదు. తన జనుల పేర్లను గుండె మీద మోశాడు.

అందం కోసం గార్నెట్ కొనుక్కుంటే తప్పులేదు. గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని బ్రష్‌తో కడగండి. ఒక్కసారిగా వేడి తగిలితే పగలవచ్చు. వజ్రం దాన్ని గీస్తుంది, అది ముత్యాన్ని గీస్తుంది. అందుకే దేనికదే గుడ్డలో చుట్టి ఉంచండి.

ఒక దెబ్బకు, ఒక సెగకు మనమే కాపాడుకోవలసిన రాయి మన ఉద్యోగాన్ని ఎలా కాపాడుతుంది? భయంగా ఉంటే భయంగా ఉందని ఇంట్లో చెప్పండి, సంఘంలో చెప్పండి. ఆ ఉంగరం డబ్బు పని లేని నెలకు దాచుకోండి. ప్రార్థనలో మీ పేర్లను మేము పేరుపేరునా మోస్తాము.