ఎత్తిన బరువు, మోసిన బరువు

మనిషి నిలబడే తీరు, నడిచే తీరు పుట్టుకతో వచ్చిన లక్షణాలుగా తోస్తాయి. కాని వాటిలో అధిక భాగం అభ్యాసం చేత, వృత్తి చేత, సంఘం నేర్పిన అలవాట్ల చేత రూపుదిద్దుకొన్నవే. తాలింఖానాలో సాము చేసే వస్తాదును, ధాన్యపు కొట్టు వద్ద బస్తాలు దించే హమాలీని దూరం నుంచి చూసినా ఎవరెవరో పోల్చుకోవడం కష్టం కాదు. వస్తాదు ఛాతీ విచ్చుకొని ఉంటుంది. అడుగు నిదానంగా, నిండుగా పడుతుంది. ఏళ్ళ తరబడి బస్తాలు మోసిన హమాలీకి తరచు మెడ ముందుకు వాలి, భుజాలు కుంగి, అడుగులు కురచబడతాయి. ఇద్దరూ బరువులతో బతికినవారే. ఒకే బరువు ఒక వెన్నును నిలబెట్టి, మరొక వెన్నును వంచడానికి కారణమేమిటన్న ప్రశ్నకు భారతదేశపు వ్యాయామ చరిత్రలోను, శ్రమ చరిత్రలోను సమాధానం లభిస్తుంది.

మల్లశాలలో భారశ్రమ

కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దంలో వెలువడిన ‘మానసోల్లాసం’లో మల్లవినోదానికి ప్రత్యేక స్థానం ఉంది. మల్లుల శిక్షణను వివరిస్తూ ఆ గ్రంథం బరువులెత్తే భారశ్రమతో పాటు నడకకు సంబంధించిన భ్రమణశ్రమను, ఈతకు సంబంధించిన సలిలశ్రమను, స్తంభంపై చేసే స్తంభశ్రమను పేర్కొన్నది. బరువు పక్కనే నడకను, నడక పక్కనే ఈతను నిలిపిన ఈ అమరికలో ఒక దూరదృష్టి ద్యోతకమవుతున్నది. బలిసిన కండరం బిగుసుకుపోతే మల్లునికి అది బలం కాజాలదు. బరువు వల్ల కలిగిన బిగువును నడక, ఈత సడలించాలి.

ఉత్తరాది అఖాడాలలోనూ, తెలుగునాట తాలింఖానాలలోనూ వాడిన సాధనాలు ఈ సూత్రానికి అనుగుణమైనవే. గదను, కర్లాకట్టలను భుజాల వెనుకనుంచి తిప్పేటప్పుడు ఛాతీ తెరుచుకొంటుంది, భుజపు కీళ్ళు నలుదిక్కులా కదులుతాయి. దండీలు తీసేటప్పుడు వెన్ను ఒకసారి పైకి వంగి, మరొకసారి కిందికి సాగుతుంది. బస్కీలు తొడలకు, పిరుదులకు బలాన్నిస్తాయి. బరువును మోయవలసింది నడుము కంటె ముందు తొడలేనని శిష్యునికి మాటలతో చెప్పనవసరం లేకుండానే ఈ సాధనలు నేర్పాయి.

గ్రామాలలో పండుగవేళ రాతి గుండును ఎత్తే పోటీలు ఇదే జ్ఞానానికి జానపద రూపం. తమిళనాట ఇట్టి గుండుకు ‘ఇళవట్టకల్’ అని పేరు. దానిని ఎత్తగలిగిన యువకుడే పెళ్ళికి యోగ్యుడన్న సంప్రదాయం అక్కడ ప్రసిద్ధం. గుండుకు పిడి ఉండదు. అందువల్ల ఎత్తేవాడు చతికిలబడినట్లు కూర్చుండి, దానిని తొడలమీదికి తెచ్చుకొని, ఛాతీకి హత్తుకొని లేవవలసిందే. దూరంగా పట్టుకొన్న గుండు ఎప్పటికీ లేవదు.

ఈ అనుభవ జ్ఞానానికి ఆధునిక శాస్త్రం లెక్కలు చెప్పింది. వెన్నును నిలిపి ఉంచే కండరాలు వెన్నుపూసల కేంద్రానికి దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తాయి. 20 కిలోల బరువును శరీరానికి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొంటే, ఆ కండరాలు సుమారు 200 కిలోలకు సమానమైన బలం ప్రయోగించవలసి ఉంటుంది. ఆ ఒత్తిడి అంతా నడుము పూసల నడుమనుండే మెత్తని డిస్కులపై పడుతుంది. స్వీడన్‌కు చెందిన వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్‌సన్ 1960లలో డిస్కుల లోపలి ఒత్తిడిని సూదితో నేరుగా కొలిచి, ముందుకు వంగి బరువు పట్టుకొన్నప్పుడు అది ఎంతగానో పెరుగుతుందని నిరూపించాడు. గుండును ఛాతీకి హత్తుకొన్న పల్లె యువకుడు ఈ సత్యాన్ని కొలవకుండానే పాటించాడు.

పరపాలన, వంగని వెన్ను

19వ శతాబ్దంలో నిలబడే తీరు రాజకీయ విషయంగా మారింది. 1841లో వారెన్ హేస్టింగ్స్‌పై రచించిన వ్యాసంలో మెకాలే బెంగాలీల దేహాన్ని దుర్బలమైనదిగా చిత్రించాడు. పాలితుని శరీరమే అతని పరాధీనతకు నిదర్శనమన్న ఈ వాదం విద్యావంతులను కలచివేసింది. 1867లో కలకత్తాలో ఆరంభమైన హిందూ మేళా దేహదారుఢ్య ప్రదర్శనలకు చోటు కల్పించింది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో సరళాదేవి చౌధురాణి వ్యాయామశాలను నెలకొల్పి యువకులను సాముకు పురికొల్పారు. తల ఎత్తుకొని నడవడం అనే మాట ఆ తరానికి అలంకారం మాత్రమే కాక దినచర్య కూడా అయింది.

ఈ దశలోనే పాశ్చాత్య దేహదారుఢ్య విధానం దేశంలో ప్రవేశించింది. ఇనుప డంబెల్స్‌తో అభ్యాసాన్ని లోకమంతటా ప్రచారం చేసిన యూజెన్ శాండో 1904-05లో భారతదేశంలో పర్యటించాడు. అతని పద్ధతిని అనుసరించినవారిలో ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావు పంత్ ప్రతినిధి ఒకరు. ఆయన శాండో సామగ్రిని తెప్పించుకొని సుమారు పదేళ్ళు నియమబద్ధంగా సాధన చేశారు. అనంతరం సూర్యనమస్కారాలవైపు మళ్ళి, వాటిని తమ సంస్థానపు పాఠశాలల్లో ప్రవేశపెట్టి, దేశవ్యాప్త ప్రచారం కల్పించారు. బెంగుళూరులో వ్యాయామశాల నడిపిన కె.వి. అయ్యర్ బరువులను, యోగాసనాలను ఒకే శిక్షణలో మేళవించారు. ఇరువురి మార్గాలు వేరైనా, కండ పెరగడంతో పాటు వెన్ను స్వేచ్ఛగా వంగి లేవగలగాలన్న ఆకాంక్ష ఇరువురిలోనూ కానవస్తుంది.

తెలుగువారిలో ఈ కాలానికి ప్రతీక కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించి, మద్రాసు సమీపంలోని సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరంలో పనిచేసిన ఆయన, పిదప సర్కసు ప్రదర్శనల ద్వారా ‘కలియుగ భీముడు’గా ఖ్యాతి గడించారు. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసులను శ్వాస పూరించి తెంచడం, ఏనుగును ఛాతీపై నిలుపుకోవడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. శ్వాసను లోపల నిలిపినప్పుడు పొట్టలో పెరిగే ఒత్తిడి వెన్నుకు ముందువైపు నుంచి ఆసరా ఇస్తుంది. నేటి బరువుల క్రీడాకారులు నడుముకు పట్టా బిగించి, ఊపిరి పూరించి బరువు లేపడంలోని రహస్యం కూడా ఇదే.

పోటీ వేదికపై

వెన్ను తీరు క్రీడా నియమాలనే మార్చిన ఉదంతం ఒకటి ఇక్కడ స్మరణీయం. ఒలింపిక్స్‌లో 1928 నుంచి ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే మూడు అంశాలు ఉండేవి. ప్రెస్‌లో బరువును భుజాల నుంచి చేతుల బలంతోనే తలపైకి ఎత్తాలి. కాలక్రమాన క్రీడాకారులు వెనుకకు బాగా వాలి, ఛాతీ కండరాల సాయంతో అధిక బరువులు లేపసాగారు. ఎంత వాలితే తప్పో నిర్ణయించడం న్యాయనిర్ణేతలకు దుస్సాధ్యమైంది. నడుముకు ముప్పు కూడా పెరిగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత ప్రెస్‌ను తొలగించారు. మిగిలిన రెండు అంశాలలో భుజబలం ఒక్కటే చాలదు. చీలమండ, మోకాలు, తుంటి, భుజం అన్నీ పూర్తిగా కదలాలి. వెన్ను మాత్రం నిటారుగా నిలవాలి.

2000 సెప్టెంబరు 19న సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కిలోలు కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్త్రీ బరువులెత్తితే సౌకుమార్యం చెడి నడక మొరటు అవుతుందన్న అపోహ ఆనాటితో బలహీనపడింది. నిజానికి క్రమశిక్షణతో కూడిన బరువుల సాధన స్త్రీపురుషులిద్దరికీ ఎముకల సాంద్రతను కాపాడి, వృద్ధాప్యంలో నడక తడబడకుండా తోడ్పడుతుందని వైద్యులు నేడు అంగీకరిస్తున్నారు. అయితే సాధనలోనూ సమతూకం తప్పనిసరి. అద్దంలో కనిపించే ఛాతీని, చేతులను మాత్రమే పెంచి వీపును, కాళ్ళను విస్మరించినవారి భుజాలు ముందుకు గుంజుకుపోతాయి. చేతులు శరీరానికి ఎడంగా నిలిచి నడక కృత్రిమమవుతుంది. ‘మానసోల్లాసం’ బరువు పక్కన నడకను ఎందుకు నిలిపిందో ఇట్టి దేహాలను చూసినప్పుడు అర్థమవుతుంది.

మోసిన బరువు

వ్యాయామశాల వెలుపల కోట్లాది ప్రజలకు బరువు జీవనోపాధి. అరబ్బీ నుంచి వచ్చిన ‘హమాలీ’ శబ్దానికి మోసేవాడని అర్థం. మరాఠీలో తలను సూచించే ‘మాథా’ నుంచి ‘మాథాడీ’ ఏర్పడింది. బరువు మోసిన అవయవమే ఇక్కడ వృత్తికి పేరయింది.

మోసేవారికీ తమదైన నేర్పు ఉంది. తలపై నీటి కుండ పెట్టుకొన్న స్త్రీ మెడ నిటారుగా నిలిపి, నడుమును సున్నితంగా కదుపుతూ, కుండ తొణకకుండా నడుస్తుంది. తలబరువు మోయడంలో ఆరితేరిన కెన్యా స్త్రీలు తమ దేహపు బరువులో 20 శాతం వరకు అదనపు శక్తి ఖర్చు కాకుండానే మోయగలరని 1986లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. నేపాల్‌లో డోకో అనే బుట్టను నామ్లో అనే పట్టెతో నుదుటికి తగిలించుకొని కొండలెక్కే కూలీలపై 2005లో వెలువడిన అధ్యయనం మరింత ఆశ్చర్యకరమైనది. నామ్చే బజారు మార్గంలో పురుషులు సగటున తమ దేహపు బరువులో 93 శాతం, స్త్రీలు 66 శాతం మోస్తున్నారని అందులో తేలింది. వారు మెల్లగా నడుస్తారు, తరచు ఆగి విశ్రమిస్తారు. తమ అడుగు, తమ విరామం తమ అధీనంలో ఉండటమే ఆ నేర్పుకు ఆధారం.

ఈ అధీనం కోల్పోయినచోట నేర్పు నిలువలేదు. బస్తాల లెక్కన కూలి లభించే చోట హమాలీ విశ్రాంతికి వెచ్చించిన ప్రతి నిమిషం అతని కూలిలో కోతగా పరిణమిస్తుంది. వీపుపై బరువు పడగానే మొండెం ముందుకు వాలుతుంది, అడుగు కురచ అవుతుంది, రెండు పాదాలూ నేలపై ఉండే వ్యవధి పెరుగుతుంది. పడిపోకుండా దేహం చేసుకొనే సర్దుబాటు ఇది. రోజూ ఆరేడు గంటలు, ఏళ్ళ తరబడి సాగితే ఆ సర్దుబాటే స్వభావమవుతుంది. బరువు దించిన తరువాత కూడా ఆ నడక మిగిలిపోతుంది. మల్లునికి బరువు క్రమంగా పెరుగుతుంది, సాధన వెంట ఆహారం, విశ్రాంతి లభిస్తాయి, అలసిన రోజున ఆపే స్వేచ్ఛ ఉంటుంది. హమాలీకి మొదటి రోజు ఎదురైన బస్తా, ముప్పయ్యేళ్ళ తరువాత ఎదురైన బస్తా ఒకటే.

ఈ వ్యత్యాసాన్ని తగ్గించే బాధ్యతను శాసనం క్రమేణా స్వీకరించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ హాని కలిగించేంత బరువును కార్మికుని చేత ఎత్తించరాదని నిషేధించింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గరిష్ఠ బరువుపై 127వ ఒడంబడికను ఆమోదించి, తత్సంబంధమైన సిఫారసులో వయోజన పురుషునికి 55 కిలోల పరిమితిని సూచించింది. 1969లో మహారాష్ట్ర మాథాడీ, హమాలీ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం చేసి, బోర్డుల ద్వారా వేతన, సంక్షేమ వ్యవస్థను ఏర్పరచింది. ఒకప్పుడు సర్వసాధారణమైన క్వింటాలు బస్తా స్థానంలో ఆహార ధాన్యాలకు 50 కిలోల సంచి ప్రమాణంగా స్థిరపడింది. గోనెసంచి కొలతపై జారీ అయిన ఉత్తర్వు పాలనా యంత్రాంగానికి చిన్న వ్యవహారంగా కనబడవచ్చు. లక్షలాది వెన్నెముకలకు అది ఆయుర్దాయపు మాట.

ఇదే ప్రశ్న బాల్యం విషయంలోనూ తలెత్తింది. రాజ్యసభకు నామినేట్ అయిన రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో సభలో ప్రసంగిస్తూ, పుస్తకాల సంచి మోసిన బిడ్డ సంచి లేనప్పుడు కూడా వంగి, చేతులు ముందుకు వేలాడవేసి నడుస్తున్నాడని ఆవేదన వ్యక్తం చేశారు. 1992లో నియమితమైన యశ్‌పాల్ సంఘం 1993లో సమర్పించిన నివేదిక ఈ చర్చను సంచి బరువు నుంచి చదువు బరువు వరకు విస్తరింపజేసింది. 2020 నాటి పాఠశాల సంచి విధానం సంచి బరువు విద్యార్థి దేహపు బరువులో 10 శాతానికి మించరాదని నిర్దేశించింది. ఆ పరిమితి ప్రతి తరగతి గదిలో అమలైనప్పుడే దానికి సార్థకత.

మణిపూర్ కొండ గ్రామంలో చిన్ననాట వంటచెరకు మోపులు మోసిన మీరాబాయి చాను, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి రజతం గెలుచుకొన్నారు. కట్టెల మోపుకు, పతకానికి నడుమ శిక్షణ, పోషణ, గురువు, తగిన విరామం ఉన్నాయి. వెన్ను నిలబడేది వీటి మీదనే. అఖాడా తన శిష్యునికి ఏనాడో సమకూర్చిన ఈ రక్షణ గోదాము ముంగిట బస్తాకు వీపు ఒగ్గిన శ్రామికునికి కూడా అందవలసి ఉన్నది.