సముద్రం అట్టడుగున చేప చూశానన్నారు... నిజమేనా?

1960 జనవరి 23. జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు ట్రియెస్ట్ అనే నౌకలో కూర్చుని, పసిఫిక్‌లోని మరియానా ట్రెంచ్ అడుక్కి దిగారు. దాదాపు 10,900 మీటర్ల లోతు. ఎవరెస్ట్‌ని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టినా, పైన ఇంకా 2 కిలోమీటర్ల నీళ్లుంటాయి. కిటికీలోంచి చూస్తే బల్లపరుపుగా ఉన్న చేప ఒకటి కనిపించిందని పికార్డ్ చెప్పారు. బురద లేచిపోవడంతో ఫోటో లేదు.

చాలామంది జీవశాస్త్రవేత్తలు నమ్మలేదు. కానీ అది ఎందుకు కుదరదో గట్టిగా చెప్పడానికి యాభై ఏళ్లు దాటింది.

అసలు ప్రాబ్లం చీకటో చలో కాదు, ప్రెషర్. 8 కిలోమీటర్ల లోతులో అది పైనున్నదానికి సుమారు 800 రెట్లు. అంత ఒత్తిడిలో ఒంట్లో ప్రోటీన్లు సరిగ్గా పనిచేయవు. వాటిని కాపాడేది టీఎంఏఓ అనే పదార్థం. దీంతో మీకు ఆల్రెడీ పరిచయం ఉంది! చచ్చిన చేపలో బ్యాక్టీరియా దీన్ని విరగ్గొడితేనే నీచు వాసన వస్తుంది. లోతుకి వెళ్లేకొద్దీ చేప ఒంట్లో ఇది పెరుగుతూ పోతుంది. పెరిగి పెరిగి, ఒంట్లోని ద్రవం సముద్రపు నీళ్లంత చిక్కనవుతుంది. అదీ దాటితే బయటి నీళ్లు లోపలికి చొరబడటం మొదలవుతుంది. 2014లో పాల్ యాన్సీ బృందం లెక్క కట్టింది: హద్దు సుమారు 8,200 మీటర్లు.

ఆ హద్దు దగ్గర కాపురముండేదే మరియానా స్నెయిల్‌ఫిష్. 2017లో దీనికి పెట్టిన సైంటిఫిక్ పేరు సూడోలిపారిస్ స్వైరై. 1875లో ఇదే ట్రెంచ్ లోతు కొలిచిన ఛాలెంజర్ ఓడలోని కుర్ర ఆఫీసర్ హెర్బర్ట్ స్వైర్ పేరది. ఇక చేప చూస్తే, అడుగు పొడవు కూడా ఉండదు. పొలుసుల్లేవు, గాలితిత్తి లేదు. గులాబీ రంగు జెల్లీలా ఉంటుంది, చర్మంలోంచి లివర్ కనిపిస్తుంది. ఎముకలు గట్టిపడటానికి కావాల్సిన ఒక జీన్ దీంట్లో పాడైపోయిందని 2019లో తేలింది. మన కోడింగ్ భాషలో ఫంక్షన్ మధ్యలోనే రిటర్న్ అయిపోతోంది. తిండికి లోటు లేదు, రొయ్యలకు దూరపు చుట్టాలైన యాంఫిపాడ్లు అక్కడ కుప్పలు తెప్పలు. దీన్ని తినే పెద్ద చేపేమో అంత లోతుకి రాలేదు.

2022లో జపాన్ దగ్గర ఇజు-ఒగసవారా ట్రెంచ్‌లో 8,336 మీటర్ల దగ్గర ఒక స్నెయిల్‌ఫిష్ కెమెరాకి చిక్కింది. లెక్కకి ఓ 136 మీటర్లు తేడా, అంతే. పికార్డ్ చెప్పిన చోటు ఇంకా రెండున్నర కిలోమీటర్లు కిందుంది. అక్కడ ఇప్పటిదాకా ఏ కెమెరాకీ చేప పడలేదు. సముద్ర దోసకాయలు మాత్రం కనిపించాయి. ఆయన చూసింది బహుశా అదే.