ఆదివారపు పాటగాళ్ళు

బ్లూస్ సంగీతం గురించి నాకు తెలిసింది బహు తక్కువ. ఆ కాస్తలోనూ నన్ను పట్టి నిలబెట్టింది గిటారు కాదు, ఆ గొంతుల్లోని జీర కూడా కాదు. పాడినవాళ్ళ పగటి బతుకులు. మడ్డీ వాటర్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మిసిసిపీలో స్టోవాల్ అనే పత్తి క్షేత్రంలో ట్రాక్టరు నడిపిన కూలీ ఆయన. 1941లో జానపద గీతాల సేకర్త ఆలన్ లోమాక్స్ ఆ క్షేత్రానికే వెళ్ళి ఆయన పాటను రికార్డు చేసుకున్నాడు. ఆ తరవాత రెండేళ్ళకు, 1943లో, ఆయన షికాగో చేరాడు. అక్కడ పగలు కాగితం కర్మాగారంలో పని, తరవాత కొన్నాళ్ళు లారీ నడపడం. రాత్రిళ్ళు ఇరుకు గదుల్లో పాట. ఇంటద్దె కట్టలేనివాళ్ళు ఇరుగుపొరుగును పోగేసి, వచ్చినవాళ్ళ దగ్గర తలా కొంత తీసుకుని, పాటా విందూ పెట్టి అద్దె పుట్టించుకునే గదులవి.

మిసిసిపీ జాన్ హర్ట్ కథ మరీ విచిత్రం. 1928లో కొన్ని పాటలు రికార్డు చేశాడు. అవి అమ్ముడుపోలేదు. సరే అనుకుని ఊరికి తిరిగి వెళ్ళి, వ్యవసాయం పనులు చేసుకుంటూ, శనివారాలు ఊళ్ళోవాళ్ళకు పాడుకుంటూ ముప్పై అయిదేళ్ళు గడిపేశాడు. 1963లో ఎవరో పాత రికార్డు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేదాకా లోకానికి ఆయన బతికున్నట్టే తెలియదు. 1966లో పోయాడు. అంటే సంగీతమే జీవికగా బతికింది ఆఖరి మూడేళ్ళు.

ఈ కథలు చదివినప్పుడల్లా నాకు సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు మీదుగా రామచంద్రపురం వెళ్ళే దారి కళ్ళముందు మెదులుతుంది. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి అది. షికాగోకీ ఇస్నాపూర్‌కీ సంబంధం ఏమిటని మీరు నవ్వవచ్చు. ఉన్నది. పొలం నుంచి కర్మాగారానికి నడిచిన మనిషి వెంట పాట కూడా నడుస్తుంది. ఆ పాట ఎప్పుడు పాడుకోవాలన్నదే అప్పుడు సమస్య అవుతుంది.

వెనకటికి మన పల్లెల్లో ఈ సమస్య లేదు. ఒగ్గువారికీ చిందువారికీ శారదకాండ్రకూ పాటే వృత్తి. వారికి అడుక్కునే హక్కున్న ఊళ్ళు ఉండేవి, కోతల కాలంలో కల్లం దగ్గర గింజలు ముట్టేవి. ఆ ఏర్పాటులో అవమానం పాలు ఎంత ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. కానీ చిందు ఎల్లమ్మను 'మీరు పగలు ఏం పని చేస్తారు' అని ఎవరైనా అడిగి ఉంటే ఆమెకు ప్రశ్నే అర్థమయ్యేది కాదేమో. కళ్ళం గింజలు పోయి నెల జీతం వచ్చాకే 'తీరికవేళ కళాకారుడు' అనే కొత్త జాతి పుట్టింది. నెల జీతంతో పాటు ఆదివారమూ వచ్చింది.

ఈ ఆదివారం ఆకాశం నుంచి ఊడిపడలేదని చాలామందికి గుర్తుండదు. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికొక రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆ బొంబాయిలో మన తెలంగాణ నుంచి వలసపోయిన కూలీలూ నేతకారులూ వేలమంది. కామాఠీపుర అన్న పేరే మనవాళ్ళ కామాఠీ పనివల్ల వచ్చింది. కనుక ఆదివారం చరిత్రలో మనకూ కొంత భాగం ఉన్నదని నేను గర్వంగానే చెప్పుకుంటాను.

మెదక్ జిల్లాకు కర్మాగారాలు ఆలస్యంగా వచ్చాయి. 1960ల్లో రామచంద్రపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్. ఆ తరవాత వెనకబడిన జిల్లాకిచ్చే రాయితీల పుణ్యమా అని పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పొడుగునా మందుల కంపెనీలూ రంగుల కంపెనీలూ బారులు తీరాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారానికి పునాది పడింది. నక్కవాగు నీళ్ళు రంగు మారి మంజీరలో కలవడం, డాక్టర్ అల్లాని కిషన్‌రావుగారు దాని మీద జీవితాంతం పోరాడటం వేరే వ్యాసానికి సరిపడే కథ. ఇక్కడ దాన్ని దాటిపోతున్నాను.

ఈ జిల్లా మనిషే గుమ్మడి విఠల్‌రావు. 1940ల చివర తూప్రాన్‌లో, దళిత కుటుంబంలో పుట్టినవాడు. గద్దర్ అంటే మనకు గోచీ, భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర గుర్తుకొస్తాయి. ఆయన జీవితంలో మరో రూపం ఉన్నదని, అది ఒక గుమాస్తా రూపమని ఎందుకో మనం తొందరగా దాటేస్తాం. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువు మధ్యలో ఆగింది. కుటుంబ నియంత్రణ, పారిశుద్ధ్యం వంటి విషయాల మీద బుర్రకథలు చెప్పేవారు. అటువంటి ప్రదర్శన ఒకటి చూసి బి. నర్సింగరావుగారు (ఆయనదీ ఈ జిల్లాయే, గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్) భగత్‌సింగ్ జయంతికి పాడమన్నారు. అప్పటినుంచి ఆర్ట్ లవర్స్ సంస్థ తరఫున ప్రతి ఆదివారం ప్రదర్శన. 1971లో రిక్షా కార్మికుడి మీద మొదటి పాట. తొలి పాటల సంపుటికి స్వాతంత్ర్య పోరాటకాలపు గదర్ పార్టీ పేరు పెట్టుకుంటే, ఆ పేరే మనిషికి అంటుకుపోయింది. 1972లో జన నాట్య మండలి ఏర్పడింది.

1975లో ఆయన బ్యాంకు పరీక్ష రాసి కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. విమలగారిని పెళ్ళి చేసుకున్నారు. బ్యాంకులు జాతీయం అయి అప్పటికి ఆరేళ్ళు. తూప్రాన్ దళితవాడ నుంచి వచ్చిన పిల్లవాడికి జాతీయ బ్యాంకులో కౌంటరు వెనక కుర్చీ అంటే ఆ రోజుల్లో ఏమిటో ఇప్పటివారికి చెప్పడం కష్టం. నెల తిరిగేసరికి జీతం, ఇంటికి అద్దె, పిల్లలకు బడి, ఇరుగుపొరుగులో గౌరవం. పిల్లలకు ఆయన పెట్టుకున్న పేర్లు సూర్యుడు, చంద్రుడు, వెన్నెల. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా లెడ్జర్లు రాసిన చేతికి, ఆ తరవాత కర్ర.

తొమ్మిదేళ్ళు ఇలా నడిచింది. ఈ తొమ్మిదేళ్ళను ఒక తయారీ దశగా, అసలు కథకు ముందుమాటగా చూడటం మనవాళ్ళకు అలవాటు. నేను ఒప్పుకోను. 1979లో తయారైన 'మా భూమి' సినిమా చూడండి. చిత్రీకరణ చాలామటుకు మెదక్ జిల్లాలోని మంగళపర్తిలోనే. అందులో బండి యాదగిరి రాసిన ప్రసిద్ధ గీతాన్ని పాడుతూ తెరమీద కనిపించే ఆ మనిషి అప్పటికి బ్యాంకు గుమాస్తా! తెలంగాణలో ఆ దృశ్యం చూసి ఒళ్ళు జలదరించనివాడిని నేనింకా చూడలేదు. ఉద్యోగం మానేస్తేనే పాట పుడుతుందన్న సిద్ధాంతానికి ఆ దృశ్యం ఒక్కటే చాలు సమాధానం.

అయితే 1984లో ఆయన రాజీనామా చేశారు. 1985లో కారంచేడు. ఆ తరవాత అజ్ఞాతం. 1990 ఫిబ్రవరి 20న హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో ఆయన పాట వినడానికి వచ్చిన జనాన్ని రెండు లక్షలన్నారు. అంత జనం ముందు నిలబడాలంటే గుమాస్తా కుర్చీ వదలక తప్పదని వాదించేవారి మాటను కొట్టిపారేయలేను. ఆయన నమ్మిన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ గొంతుతో తగవు పెట్టుకోలేకపోయారు. కానీ ఆ అయిదేళ్ళూ జీతం రాని ఇంట్లో పిల్లలను పెంచిన మనిషి సంగతి? పాటగాళ్ళ చరిత్రలు రాసేవాళ్ళు ఇంటి ఖర్చుల చిట్టా చూడరు. బ్లూస్ పాటల్లో సగం ప్రియురాలు వెళ్ళిపోయిందన్న ఏడుపే. ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో ఆమె చేత పాడిస్తే తెలిసేది. విమలగారు వెళ్ళిపోలేదు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగినప్పుడూ ఉన్నారు. 2003లో రెండో కొడుకు అనారోగ్యంతో పోయినప్పుడూ ఉన్నారు. 2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశాక అంత్యక్రియలు అల్వాల్‌లో, వాళ్ళు నడిపిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే జరిగాయి.

ఉద్యోగం వదలనివాళ్ళూ ఉన్నారు. గూడ అంజయ్య వృత్తిరీత్యా ఫార్మసిస్టు. గోరటి వెంకన్న సహకార శాఖలో ఉద్యోగం చేసినవాడు. సుద్దాల అశోక్ తేజ సినిమాలకు రాక ముందు బడిపంతులు. 2025 నవంబరులో మరణించిన అందెశ్రీ తాపీపని చేసినవాడు. ఆయన గీతమే 2024లో రాష్ట్ర గీతమయింది. సర్కారు ఉద్యోగానికి ఒక సౌలభ్యం ఉన్నది: సెలవు పెట్టవచ్చు. తాపీపనికి మరొకటి: ఇటుక పేరుస్తూ పాడుకోవచ్చు. ఈ రెండూ లేనిది కర్మాగారంలో షిఫ్టు కూలీకే.

ఆ సంగతి నాకు ఎలా తెలుసో చెప్పాలి. సుమారు ఇరవై ఏళ్ళ కిందట పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడ రియాక్టర్ల దగ్గర హెల్పరుగా ఒక కుర్రవాడు ఉండేవాడు. సదాశివపేట వైపు పల్లె. ఢోలక్ వాయించేవాడు. వాయించేవాడు అంటే సరిపోదు, అతను మొదలుపెడితే భజన మండలిలో పెద్దలు తాళాలు ఆపి వినేవారు. ఏ షిఫ్టు ఉదయం ఆరుకు, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండుకు, సీ షిఫ్టు రాత్రి పదికి. వారం వారం మారుతుంది. శివరాత్రికి ఝరాసంగంలో జాగారం, ఏడుపాయల జాతర, రెండు చోట్ల నుంచీ పిలుపు. సరిగ్గా ఆ వారమే సీ షిఫ్టు. "అన్నా, ఇయ్యాల నా డ్యూటీ నువ్వు చెయ్యి, ఎల్లుండి నీది నేను చేస్త" అని క్యాంటీనులో అందరినీ బతిమాలుకునేవాడు. అలా అప్పు తెచ్చుకున్న రాత్రులు తీర్చడానికి ఒకసారి వరసగా రెండు షిఫ్టులు నిలబడి, మర్నాడు రుద్రారం గుడి దగ్గర ఢోలక్ మీదే తల వాల్చి నిద్రపోయాడు.

ప్యాకింగులో పనిచేసే ఒకమ్మాయి అంటే అతనికి ఇష్టం. ఆమెకూ ఇష్టమే. మాట్లాడుకోవడానికి వారికి దొరికేది షిఫ్టు మారే పావుగంట, గేటు బయట చాయ్ బండి దగ్గర. ఆమె తండ్రి దగ్గరకు పెద్దమనుషులను పంపితే ఆయన అడిగింది కులమో గోత్రమో కాదు. "పర్మినెంటా, కాంట్రాక్టా?" కాంట్రాక్టు. "డోలు కొట్టుడు బంద్ చేసి పర్మినెంటు అయినంక రమ్మను" అన్నాడట. ఆ తండ్రిని నేను తప్పు పట్టలేను. ఆ తరవాత శివరాత్రికి చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టాడని మా కంపెనీవాళ్ళు అతన్ని తీసేశారు. చెప్పకుండా కాదు, చెప్పాడు. చెప్పిన మనిషి మరచిపోయాడు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ మనిషిని నేనే. ఈ మాట ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు.

మరో కర్మాగారంలో రెండేళ్ళకు అతను పర్మినెంటు అయ్యాడు. ఆమె తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. ఢోలక్ గోడకు ఎక్కింది. ఎన్నాళ్ళు అని అడిగితే, "పెద్దోడు ఒకటో తరగతి అయ్యేదాంక" అన్నాడు. దించింది ఆమేనట. తోలు వదులైపోతే జోగిపేట తీసుకుపోయి బిగించుకొచ్చింది కూడా ఆమేనట.

ఈ మధ్య ఇస్నాపూర్‌లో కలిశాడు. ఇంటి వెనక రెండు గదులు కట్టి అద్దెకిచ్చాడు. వాటిలో ఉండేది బీహారు, ఒడిశా కుర్రవాళ్ళు. పాశమైలారంలో ఇప్పుడు పనిచేసేది ఎక్కువగా వాళ్ళే. ఆదివారం సాయంత్రం వాళ్ళు డాబా మీద చేరి భోజ్‌పురీ పాటలు పాడతారు, ఇతను వాయిస్తాడు. మాటలు సగం కూడా అర్థం కావట. "అదేందో అన్నా, ఎక్కడ ఏడుస్తున్నరో తెలుస్తది" అన్నాడు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా పోయారు, ఎక్కువమంది పొట్టచేతపట్టుకుని వచ్చిన ఇతర రాష్ట్రాలవాళ్ళే. అతని గదుల్లోవాళ్ళు వేరే కంపెనీ వాళ్ళు, బతికారు. ఆ తరవాత చాలా ఆదివారాలు డాబా మీదికి ఎవరూ ఎక్కలేదట.

నేను వెళ్ళిన రోజు ఎక్కారు. ఎనిమిదింటికి మొదలుపెట్టారు. తొమ్మిదిన్నరకు ఒక్కొక్కరే లేచి, టిఫిన్ డబ్బాలు తీసుకుని సీ షిఫ్టుకు బయలుదేరారు. ఢోలక్‌కు గుడ్డ చుట్టి ఇతనూ లేచాడు.