మునకకు కుట్టిన బట్ట

కయాక్ అనగానే అందరి చూపూ పడవ మీదికే పోతుంది. సన్నటి చట్రం, దాని మీద బిగించిన సీల్ తోలు, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు, తలకిందులైన పడవని ఒక్క ఊపుతో మళ్ళీ నిలబెట్టే నేర్పు. 1721లో హాన్స్ ఎగెడె అనే మత ప్రచారకుడు గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో దిగిన నాటి నుంచి యూరప్ వాళ్ళని అబ్బురపరిచినవి ఇవే. 1765లో జర్మన్ భాషలో వెలువడిన డేవిడ్ క్రాంట్స్ గ్రీన్‌లాండ్ చరిత్రలో, పడవ తిరగబడితే తిరిగి లేచే పద్ధతుల వర్ణన ఉంది. 1888లో గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిని దాటిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్, ఆ చలికాలం గోట్‌హాబ్‌లో ఉండిపోయి తానే కయాక్ నడపడం నేర్చుకున్నాడు. వీళ్ళెవరూ బట్టల్ని చూడలేదని కాదు. చూశారు, మెచ్చుకున్నారు కూడా. అయితే తర్వాతి కాలంలో పడవ పనిముట్ల లెక్కలోకి, బట్ట వేషధారణ లెక్కలోకి పోయాయి. ఆ విభజన తప్పు. ఆర్కిటిక్ వేటగాడు తొడుక్కున్న చొక్కా పడవలో ఒక భాగం. పడవని చెక్కిన మగవాడి చేతికి ఎంత విలువ ఉందో, ఆ చొక్కా కుట్టిన ఆడమనిషి సూదికీ అంతే విలువ ఉంది. చల్లటి నీటిలో ప్రాణం నిలిచేది చివరికి కుట్టు మీదే.

ఇది అతిశయోక్తిలా వినిపిస్తే, చన్నీళ్ళు మనిషిని ఏం చేస్తాయో ముందు చూడాలి. గాలికన్నా నీళ్ళు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. మన తీరంలో ఉన్నవాళ్ళకి ఈ సంగతి సులువుగా తట్టదు. బంగాళాఖాతం పైనీళ్ళు ఏడాదిలో చాలా భాగం 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అందుకే ఉత్తరాంధ్రలో తెప్ప మీద వేటకి పోయేవాడు తరతరాలుగా గోచీతోనే పోయాడు. అల మీద పడితే తడిశాడు, ఎండకి ఆరాడు. (చేపలు పట్టడాన్ని మన మత్స్యకారులు వేట అనే అంటారు, కయాక్ జనానికి కూడా సీలూ చేపా రెండూ ఒకే బతుకుతెరువు.) 15 డిగ్రీలకన్నా చల్లటి నీటిలో కథ వేరు. అందులో హఠాత్తుగా పడినవాడికి మొదట జరిగేది గడ్డకట్టుకుపోవడం కాదు, ఊపిరి అదుపు తప్పడం. చర్మానికి చలి తగిలిన క్షణాన మనిషి తనకి తెలియకుండానే గుండెల నిండా ఒక పెద్ద ఎగశ్వాస పీలుస్తాడు. ఆ క్షణాన ముఖం నీటిలో ఉంటే పీల్చేది గాలి కాదు, నీళ్ళు. ఆ మొదటి నిమిషం గడిచి బతికితే, తర్వాత పది నిమిషాల్లో చేతులు చచ్చుబడతాయి. తాడు పట్టుకోలేడు, ముడి విప్పలేడు, పడవెక్కలేడు. ఒంటి లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి పెద్దవాళ్ళకి అరగంటో గంటో పడుతుంది. అంటే లోకం భయపడే మరణం అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. కాబట్టి వెచ్చటి బట్ట అంటే ఒంటి వేడి కాపాడే బట్ట అనుకుంటే సరిపోదు. ఆ మొదటి నిమిషంలో నీటిని చర్మానికి తగలనివ్వని బట్ట కావాలి.

గ్రీన్‌లాండ్ కలాల్లిట్ జనం తుయిలిక్ అని పిలిచే చొక్కా సరిగ్గా ఈ పనికే పుట్టింది. వెంట్రుకలు తీసేసిన సీల్ తోలుతో, తలమీది టోపీతో సహా ఒకే వస్త్రంగా కుడతారు. ముందు భాగంలో చీలిక గానీ బొత్తాలు గానీ ఉండవు. తల మీదుగా తొడుక్కోవాలి. ముఖం చుట్టూ ఒక తాడు, లాగితే గడ్డం నుంచి నుదుటి దాకా బిగుస్తుంది. మణికట్ల దగ్గరా అలాగే బిగింపు. కింది అంచు వెడల్పుగా ఉంటుంది. మనిషి కూర్చునే గుంట చుట్టూ పడవకి ఒక చెక్క కడియం ఉంటుంది. చొక్కా అంచుని ఆ కడియం మీదుగా దింపి తోలు తాడుతో కడతారు. అంతటితో మనిషికీ పడవకీ మధ్య సందు మాయమవుతుంది. నీరు జొరబడగల చోట్లు నాలుగు: ముఖం, రెండు మణికట్లు, నడుము. నాలుగూ మూసుకున్నాయి. పడవ తిరగబడితే తల నీళ్ళలోకి వెళుతుంది గానీ చర్మంలో తడిసేది ముఖమూ చేతులే. లోపల చిక్కుకున్న గాలి అతన్ని కాస్త పైకి తేలుస్తుంది కూడా. ఆ చొక్కా లోపల పక్షితోలు అంగీ ఉంటుంది, ఈకలు ఒంటివైపు తిప్పి కుట్టినది. కాళ్ళకి రెండు పొరల కమిక్ బూట్లు, ఆ పొరల మధ్య ఎండుగడ్డి. వెచ్చదనం లోపలి పొరల పని, నీటిని ఆపడం పైపొర పని. రెండు పనుల్నీ ఒకే బట్టకి అప్పగించకపోవడంలోనే ఆ దర్జీతనం తెలివి ఉంది.

ఆ కుట్టుని దగ్గరగా చూడాలి. సూది తోలుని ఇటునుంచి అటు పొడిచేస్తే ప్రతి కన్నం ఒక చిల్లే, ప్రతి చిల్లూ ఒక ధారే. అందుకని ఆర్కిటిక్ స్త్రీలు సూదిని తోలు మందంలో సగం దాకా దించి పక్కకి తీస్తారు. పైవైపు ఒక వరస, కిందివైపు ఒక వరస వేస్తారు. ఈ రెండు వరసల్లో ఏ కన్నమూ అవతలికి దిగదు. దారం నూలుది కాదు. రెయిన్‌డీర్ వెన్ను మీదుండే స్నాయువుని ఎండబెట్టి, సన్నగా చీల్చి, పేనిన నార అది. తడి తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బి తన కన్నాన్ని తనే మూసేస్తుంది. అల్యూషియన్ దీవుల్లో ఉనంగన్ జనం, అంటే రష్యన్లు అల్యూట్లని పిలిచినవాళ్ళు, తోలుకి బదులు సముద్ర సింహాల (సీ లయన్) పేగుల్ని వాడారు. పేగుని గీకి, శుభ్రం చేసి, గాలి ఊది ఆరబెట్టి, నిలువునా కోసి పొడవాటి పట్టీలు చేశారు. ఆ పట్టీల్ని అడ్డంగా ఒకదాని కింద ఒకటి కుట్టుకుంటూ పోతే పొగమంచు రంగులో, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా చొక్కా తయారవుతుంది. ఇలాంటి చొక్కాలతో ఉనంగన్ మగవాళ్ళు తోలు పడవల్లో బయల్దేరి, సముద్రం అడుగున మసలే హాలిబట్ చేపల్ని గాలాలతో పట్టేవారు. 1778లో జేమ్స్ కుక్ ఓడలు ఉనలాస్కాలో ఆగినప్పుడు అతని మనుషులు ఈ దుస్తుల్ని కళ్ళారా చూశారు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. దొరికింది సీలు గనక సీలు తోలు వేసుకున్నారు, ఇందులో ఆలోచన ఎక్కడుంది, అవసరమే నేర్పింది కదా అని. పదార్థం దొరకడం వేరు, దాన్ని ఏ లెక్కతో వాడారన్నది వేరు. ఉత్తర అట్లాంటిక్‌లో చేపలు పట్టిన యూరప్ జాలరులకీ చలి కొత్త కాదు, గొర్రెబొచ్చు కరువు కాదు. వాళ్ళు దట్టమైన ఉన్ని స్వెటర్లు అల్లుకున్నారు, వాటి మీద అవిసె నూనె పట్టించిన గుడ్డ వేసుకున్నారు. నార్వేలో హెల్లీ యూల్ హాన్సెన్ 1877లో ఇలాంటి నూనెగుడ్డలతోనే వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ బట్టలు తుంపరని ఆపాయి, వానని ఆపాయి, గాలిని ఆపాయి. మెడ దగ్గరా చేతుల దగ్గరా నడుము కిందా తెరిచే ఉన్నాయి. పెద్ద పడవ బల్ల మీద నిలబడి పనిచేసేవాడి బట్ట అది, నీళ్ళలో పడనంత వరకే పనికొస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుందన్న మాట కొంతవరకు నిజమే, గాలిలో. మనిషి మునిగినప్పుడు స్వెటర్ గుండా చన్నీళ్ళు ఆగకుండా వచ్చిపోతుంటే ఆ వెచ్చదనం నిలవదు. ఒకరు తుంపర కోసం కుట్టారు, ఇంకొకరు మునక కోసం కుట్టారు. కయాక్‌లో కూర్చున్నవాడి నడుము నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది గనక మునక వాళ్ళకి అనుకోని ఆపద కాదు, రోజువారీ పనిలో ఎదురుపడే సంగతి. ఆ తేడా రష్యన్లకి బాగానే తెలిసింది. 1799లో ఏర్పడిన రష్యన్-అమెరికన్ కంపెనీ సముద్రపు నీటికుక్కల (సీ ఆటర్) వేటకి అల్యూట్ మగవాళ్ళని వందల పడవల్లో బలవంతంగా పంపింది. ఊళ్ళలో మిగిలిన ఆడవాళ్ళ చేత పేగు చొక్కాలు కుట్టించుకుంది. కమ్లైకా అని పేరు పెట్టి రష్యన్లు తామూ వేసుకున్నారు. ఆ సూదిపని విలువ ఎంతో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన సాక్ష్యం లేదు.

రెండో అభ్యంతరం బరువైనది. అంత గొప్ప బట్టే అయితే కయాక్ వేటగాళ్ళు అంతమంది ఎందుకు పోయారు? 19వ శతాబ్దపు గ్రీన్‌లాండ్‌లో మగవాళ్ళ మరణాల్లో కయాక్ ప్రమాదాల వాటా చాలా పెద్దది. నాన్సెన్ కూడా దాన్ని గమనించి రాశాడు. ఇది కాదనలేని నిజం, దాటేయకూడనిది. అయితే ప్రతివాడూ ప్రతి రోజూ తుయిలిక్ వేసుకోలేదు. వాతావరణం బాగున్న రోజు నడుము నుంచి రొమ్ము దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో ఆగే అకుయిలిసాక్ అనే సగం తొడుగుతో వెళ్ళేవారు. అది పడవలోకి నీళ్ళు రానివ్వదు గానీ తిరగబడితే పై ఒళ్ళంతా తడుస్తుంది. తిరిగి లేచే విద్య అందరికీ రాదు. వేట చాలాసార్లు ఒంటరిది. హార్పూన్ తాడు చుట్టుకోవచ్చు, మంచుపలక పడవ తోలుని చీల్చవచ్చు. పైగా 1776 నుంచి డెన్మార్క్ రాజు పేరిట సాగిన గుత్త వ్యాపారం సీల్ తోళ్ళని, కొవ్వుని కొనుక్కుపోతుంటే, అమ్ముకున్న తోలు మళ్ళీ ఒంటి మీదికి రాలేదు. ఆ దేశంలో పనిచేసిన డేనిష్ అధికారి హెన్రిక్ రింక్ లాంటివాళ్ళే ఆ లేమి గురించి ఆందోళన పడ్డారు. మరణాల లెక్క బట్ట పనికిరాదని చెప్పడం లేదు. ఆ బట్ట లేని రోజున, సగమే ఉన్న రోజున ఏం జరుగుతుందో చెబుతోంది. బ్రిటిష్ యువకుడు గినో వాట్కిన్స్ 1930-31లో గ్రీన్‌లాండ్ వేటగాళ్ళ దగ్గర కయాక్ విద్య నేర్చి, తిరగబడి లేవడంలో ఆరితేరినవాడు. 1932 ఆగస్టు 20న తూర్పు తీరంలో ఒంటరిగా సీలు వేటకి వెళ్ళాడు. తోటివాళ్ళకి ఖాళీ కయాక్ తేలుతూ కనిపించింది; ఒక మంచుపలక మీద అతని ప్యాంటు, కయాక్ నడుముపట్టీ దొరికాయి. శరీరం దొరకలేదు. వయసు 25. చివరి నిమిషాల్లో ఏం జరిగిందన్నది ఊహే. మనిషి ఒకచోట, పడవ ఒకచోట, బట్ట ఒకచోట అయిపోయాయన్నది మాత్రం ఊహ కాదు.

ఆ ఆడవాళ్ళు కుట్టులో దాచిన జ్ఞానాన్ని ప్రయోగశాలలు అందుకోవడానికి చాలా కాలం పట్టింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు నీళ్ళు సున్నా డిగ్రీలకన్నా చల్లగా ఉన్నాయి. లైఫ్ బెల్టులు కట్టుకుని తేలుతున్నవాళ్ళే వందలమంది, సాయపు ఓడ వచ్చేలోపు, రెండు గంటల్లోపే ప్రాణాలు విడిచారు. లోకం దాన్ని మునిగిపోవడమనే అనుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో బ్రిటిష్ నౌకాదళ సంఘం లెక్క తీస్తే, దెబ్బతిన్న ఓడలోకన్నా ఓడ విడిచాక చనిపోయిన నావికులే ఎక్కువని తేలింది. చన్నీళ్ళ దెబ్బకి ఊపిరి తప్పే తొలి నిమిషాల గురించి మైక్ టిప్టన్ పరిశోధన పత్రం వచ్చింది 1989లో. పదార్థాలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ రబ్బరుతో వెట్ సూట్ రూపొందించింది 1950ల మొదట్లో. నీటిని ఆపి చెమట ఆవిరిని వదిలే పొరని బాబ్ గోర్ కనిపెట్టింది 1969లో. నేటి డ్రై సూట్‌ని విప్పి చూస్తే మెడ దగ్గర బిగుతు రబ్బరు కాలరు, మణికట్ల దగ్గర అలాంటివే, లోపల వేడి నిలిపే ఫ్లీస్, బయట నీళ్ళు చొరని పొర. మూతలూ అవే, పొరల విభజనా అదే.

అయితే ఈ రోజు చేపల కోసం కయాక్ ఎక్కేవాళ్ళకి పాత తుయిలిక్ ఎందుకు, మంచి ప్లాస్టిక్ పడవా లైఫ్ జాకెట్టూ ఉన్నాయి కదా అనొచ్చు. లైఫ్ జాకెట్ తప్పనిసరి, అందులో వాదన లేదు; ఎగశ్వాస వేళ ముఖాన్ని నీటి పైన ఉంచేది అదే. పడవ సంగతే ఆలోచించాలి. ఇప్పుడు చేపల వేటకి ఎక్కువగా అమ్ముడుపోయేవి మనిషి లోపల కాక పైన కూర్చునే రకం. అందులో గుంట లేదు, కడియం లేదు, చొక్కాని కట్టడానికి అంచు లేదు. తిరగబడితే మనిషి పడవతో పాటు తిరిగి లేవడు, పక్కన పడతాడు. కలాల్లిట్ వేటగాడికి పడవా చొక్కా కలిసి చేసిన పనిని ఇతనికి ఒంటి మీది బట్ట ఒక్కటే చెయ్యాలి. పాత వేటగాడికన్నా ఇతనికే బట్ట అవసరం ఎక్కువ. పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే నీళ్ళు చొరని లాగు, అంటే వేడర్ల మీద మామూలు రెయిన్ కోటు వేసుకుని వెళ్ళడమంటే 1877 నాటి తుంపర బట్టతో మునకకి సిద్ధమవడమే. ఒకవేళ వేడర్లే వేసుకోవాలంటే నడుముకి బెల్టు బిగించి, పైన మెడా మణికట్లూ మూసే డ్రై టాప్ వేసుకోవాలి. అది కూడా డ్రై సూట్‌తో సమానం కాదు. నూలు బట్ట లోపల అసలు పనికిరాదు, తడిసిందంటే వేడిని నిలపదు.

గ్రీన్‌లాండ్ కయాక్ పోటీల్లో ఇప్పటికీ తుయిలిక్ వేసుకుంటారు. తోలుకి బదులు నియోప్రీన్ వచ్చింది, ముఖం చుట్టూ తాడు మాత్రం అలాగే ఉంది. అమెరికాలో, కెనడాలో, ఉత్తర యూరప్‌లో స్థిరపడి, వారాంతాల్లో గాలం పట్టుకుని సరస్సులకి వెళ్ళే మన తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. వాళ్ళకి ఒక మాట. మిన్నెసోటాలో చాలా సరస్సుల మంచు ఏప్రిల్‌లో కరుగుతుంది. మే నెల ఎండలో గాలి 25 డిగ్రీలున్నా నీళ్ళు పదికి అటూ ఇటూ ఉండొచ్చు. సుపీరియర్ సరస్సులో జూన్‌లో కూడా పది లోపే ఉండటం మామూలు. బయల్దేరే ముందు ఫోన్‌లో గాలి ఉష్ణోగ్రత చూసి బట్ట తీయకండి, నీటి ఉష్ణోగ్రత చూసి తీయండి. ఆ బట్ట వేసుకుని ముందు ఒడ్డు పక్కన, మొలలోతు నీళ్ళలో, తోడు ఒకరిని నిలబెట్టుకుని ఒకసారి మునిగి చూడండి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీళ్ళు లోపలికి వస్తే ఆ రోజుకి వేట మానేయండి.