ఈవెంట్స్ వేగం, ఇరవై నాలుగు గంటలు

నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ వైపు రోడ్డు మీద పొద్దున ఐదింటికి రెండు రకాల పరుగులు కనిపిస్తాయి. ఒకటి నాది. యాభై కిలోమీటర్ల రేసు కోసం, మెల్లగా, గంటల తరబడి. రెండోది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్న కుర్రాళ్లది. పదహారు వందల మీటర్లు, పళ్లు బిగబట్టి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి పెట్టిన హద్దు 7 నిమిషాల 15 సెకన్లు. ఒక్క సెకను దాటినా ఇంటికే.

వాళ్లలో ఒకడు ఓ రోజు అడిగాడు: "అన్నా, గింత మెల్లగ ఉరికితే అది పోటీ ఎట్లయితది?"

నవ్వి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిజానికి ఒకప్పుడు జనం టిక్కెట్టు కొని మరీ చూసింది ఈ మెల్లటి పరుగునే. 1870ల్లో, 80ల్లో లండన్, న్యూయార్క్ నగరాల్లో ఆరు రోజుల పోటీలు జరిగేవి. ఆదివారం ఆటలు కూడదు కాబట్టి ఆరు రోజులు. 1888లో జార్జ్ లిటిల్‌వుడ్ అనే ఇంగ్లండ్ ఆయన న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గుండ్రంగా తిరుగుతూ 623 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లాడు. ఆ రికార్డు 96 ఏళ్లు నిలిచింది. 1984లో గ్రీకు రన్నర్ యానిస్ కూరోస్ దాన్ని దాటాడు.

పక్కనే మైలు పరుగు పెట్టి చూడండి. 1886లో వాల్టర్ జార్జ్ 4 నిమిషాల 12.75 సెకన్లలో మైలు పరిగెత్తాడు. 1984 నాటికి రికార్డు సెబాస్టియన్ కో పేరున ఉంది, 3 నిమిషాల 47.33 సెకన్లు. మధ్యలో అది ఎన్ని చేతులు మారిందో! మరి లిటిల్‌వుడ్ అంత అసాధ్యుడా? కొంతవరకు అవును. కానీ అసలు ఆ పోటీలే మాయమైపోయాయి. సైకిల్ రేసులు ఆ జనాన్ని లాక్కున్నాయి. ఒలింపిక్స్ పరుగుకి మారథాన్ దగ్గర గీత గీసింది. ఎవరూ నడవని దారిలో రికార్డు చెక్కుచెదరదు. కుర్రాడి అనుమానంలో సగం నిజం ఉంది.

మిగతా సగం కోసం లెక్క వేశాను. మారథాన్‌లో దూరాన్ని కట్టేసి కాలాన్ని వదులుతారు. 24 గంటల రేసులో కాలాన్ని కట్టేసి దూరాన్ని వదులుతారు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35కి మారథాన్ ముగించాడు. కిలోమీటరుకి 2 నిమిషాల 51 సెకన్లు. 2022 సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో లిథువేనియాకి చెందిన అలెగ్జాండర్ సొరోకిన్ 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు పరిగెత్తాడు. కిలోమీటరుకి నాలుగున్నర నిమిషాలు. కిప్టమ్ ముందు ఈ వేగం ఏ మూలకి?

అయితే 7:15కి పదహారు వందల మీటర్లంటే కిలోమీటరుకి 4 నిమిషాల 32 సెకన్లు. అంటే సొరోకిన్ ఈవెంట్స్ పాసయ్యే వేగంతో, తిండీ నీళ్లూ అందులోనే కలుపుకుని, దాదాపు రెండు వందల ఈవెంట్స్ వరసగా ముగించాడు!

మర్నాడు ఈ మాట గొప్పగా చెప్పాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, "గాయనకు నౌకరీ వచ్చిందా అన్నా?" అన్నాడు.

ఈసారి నవ్వలేకపోయాను. మన దగ్గర దూరపు పరుగు మొదట నౌకరీయే కదా. రైళ్లకు ముందు తపాలా మోసిన హర్కారాలు గజ్జెల కర్ర పట్టుకుని, సంచి భుజాన వేసుకుని మజిలీ దాకా పరిగెత్తి, ఆ సంచి తర్వాతి వాడికి అందించేవాళ్లు. ఉత్తరం చేరిందా లేదా అన్నదే వాళ్ల లెక్క. ఎంత వేగం, ఎంత దూరం అని పోల్చుకునే తీరిక నాలాంటి వాడిది. పరుగు మీద కడుపు ఆధారపడిన వాడికి ఒక్కటే గీత.

ఇప్పుడు నా యాభై కిలోమీటర్ల మధ్యలో ఆగి వాడికి వాచీ పడుతున్నాను. నిన్న 7:21 వచ్చింది. ఇంకా ఆరు సెకన్లు.