1971: తూర్పు పాకిస్తాన్ అంతర్యుద్ధం ముగింపులో అండమాన్ రేవు పాత్ర ఏమిటి?

1971 డిసెంబర్ 4 ఉదయం కాక్స్ బజార్ విమానాశ్రయంపై బాంబులు వేసిన సీ హాక్ విమానాలు విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ నుంచి వచ్చాయి. అంతకుముందు కొన్ని వారాలపాటు ఆ నౌక ఉత్తర అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌ను రహస్య స్థావరంగా వాడుకుంది. మరో 12 రోజులకు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. తొమ్మిది నెలలుగా సాగుతున్న అంతర్యుద్ధం అక్కడితో ముగిసి, బంగ్లాదేశ్ స్వతంత్ర దేశమైంది.

యుద్ధం ఎలా మొదలైంది?

1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌కు కేటాయించిన 169 స్థానాల్లో 167 షేక్ ముజిబుర్ రెహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్‌కే దక్కాయి. మొత్తం పాకిస్తాన్ జాతీయ అసెంబ్లీలో అది స్పష్టమైన మెజారిటీ. అయినా సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ పేరుతో దాడులు మొదలుపెట్టింది. సుమారు కోటి మంది శరణార్థులుగా భారత్‌కు వచ్చారు. మృతులు 30 లక్షలని బంగ్లాదేశ్ చెబుతుంది. పలువురు పరిశోధకుల అంచనాలు అంతకంటే చాలా తక్కువ.

సముద్రం ఎందుకు కీలకమైంది?

పాకిస్తాన్ రెండు భాగాల మధ్య భారత భూభాగం ఉంది. లాహోర్‌కు దారి మళ్లించిన భారత విమానాన్ని అక్కడ తగలబెట్టడంతో, 1971 ఫిబ్రవరిలో పాకిస్తాన్ విమానాలు తన గగనతలం మీదుగా వెళ్లకుండా భారత్ నిషేధించింది. దాంతో అవి శ్రీలంక చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. బరువైన సరుకంతా కరాచీ నుంచి చిట్టగాంగ్‌కు ఓడల్లోనే చేరేది.

ఆ దారిని మొదట దెబ్బతీసింది బెంగాలీ గజ ఈతగాళ్లు. భారత నౌకాదళం దగ్గర శిక్షణ పొందిన ముక్తిబాహిని కమాండోలు ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఓడలకు మందుపాతరలు అతికించి పేల్చేశారు.

విక్రాంత్ అండమాన్‌కు ఎందుకు వెళ్లింది?

విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్లు ఉండటంతో పూర్తి వేగంతో నడిచే వీల్లేదు. బంగాళాఖాతం దాకా రాగల పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఒక్కటే. దానికి చిక్కకూడదని తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను విశాఖకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అండమాన్‌కు పంపారు. పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ విశాఖ వైపు సముద్రంలో ఉంటూ, విక్రాంత్ అక్కడే ఉందని అనిపించేలా వైర్‌లెస్ సందేశాలు పంపింది.

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాతో తెలుగువారికి మరింత తెలిసిన ఆ జలాంతర్గామి డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ తీరంలో మునిగిపోయింది. రాజ్‌పుత్ దాడిలోనే మునిగిందని భారత్ అంటుంది. తాను అమర్చిన మందుపాతరే పేలిందని పాకిస్తాన్ చెబుతుంది.

ఆ తర్వాత విక్రాంత్‌కు సముద్రం నుంచి ముప్పు దాదాపు తప్పింది. కాక్స్ బజార్, చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లాలపై దాని విమానాలు దాడులు చేశాయి. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం నుంచి రాకపోకలు నిలిచిపోయాయి.

దిగ్బంధమే యుద్ధాన్ని ముగించిందా?

కాదు. ఢాకా దాకా వెళ్లింది పదాతి దళాలు. వాటికి దారి సుగమం చేసింది నెలల తరబడి పోరాడిన ముక్తిబాహిని. భారత సైన్యం బలమైన పట్టణాలను తప్పించుకుంటూ ముందుకు సాగింది. డిసెంబర్ 9న హెలికాప్టర్లలో మేఘ్నా నదిని దాటడం మొదలుపెట్టింది. 11న టాంగైల్ దగ్గర పారాచూట్ దళం దిగింది. 14న ఢాకాలో గవర్నర్ నివాసంపై వైమానిక దాడి జరగ్గానే గవర్నర్ మాలిక్ రాజీనామా చేశారు.

అయితే, ఓడల్లో తప్పించుకునే అవకాశం గానీ అదనపు బలగాలు వచ్చే ఆశ గానీ లేకపోవడం పాకిస్తాన్ సేనాధిపతి నియాజీకి మిగిలిన దారులను మూసేసింది. అమెరికా విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చేసరికే ఫలితం దాదాపు తేలిపోయింది. డిసెంబర్ 16న రమ్నా రేస్‌కోర్స్‌లో నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేశారు. ఆ కార్యక్రమంలో కృష్ణన్ కూడా ఉన్నారు. పౌరులతో కలిపి సుమారు 93,000 మంది బందీలయ్యారు. వారు స్వదేశానికి చేరడం 1974లో గానీ పూర్తికాలేదు.

అండమాన్‌కు ఆ యుద్ధంతో ఉన్న మరో బంధం

పోర్ట్ కార్న్‌వాలిస్‌కు దగ్గర్లోని దిగ్లీపూర్ ప్రాంతంలో 1950లలో ప్రభుత్వం స్థిరపరిచింది ఎక్కువగా తూర్పు బెంగాల్ శరణార్థులనే. అండమాన్ నికోబార్‌లో నేటికీ ఎక్కువ మంది మాతృభాష బెంగాలీ. 1971లో ఏ నేల కోసం యుద్ధం జరిగిందో, ఆ నేలను ఒక తరం ముందే వదిలి వచ్చిన కుటుంబాలు విక్రాంత్ లంగరు వేసిన తీరానికి దగ్గర్లోనే ఉన్నాయి.

ఈ దీవుల వ్యూహాత్మక విలువ తర్వాతి దశాబ్దాల్లో మరింత పెరిగింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం కలిసి పనిచేసే దేశంలోని తొలి ఉమ్మడి కమాండ్ 2001లో ఇక్కడే ఏర్పాటైంది.