కర్నూలు, కడప జిల్లాల్లో ముందస్తు ఓటు, ఓటరు గుర్తింపు, అత్యవసర పోలింగ్

పోలింగ్ తేదీకి ముందే ఎవరైనా ఓటు వేసే పద్ధతి మన దేశంలో లేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు సైనికులకు, పోలింగ్ సిబ్బందికి, అత్యవసర సేవల ఉద్యోగులకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి, వృద్ధులకు, మరికొన్ని వర్గాలకు మాత్రమే ఆ వీలు కల్పిస్తాయి. వృద్ధుల వయోపరిమితిని 2024 మార్చిలో 80 నుంచి 85 ఏళ్లకు పెంచారు.

ఆ ఏడాది మే 13 పోలింగుకు ముందు కర్నూలు, కడప జిల్లాల్లోనూ ఇంటివద్ద ఓటింగ్ జరిగింది. నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా 12డి దరఖాస్తు ఫారం ఇచ్చినవారి ఇంటికి పోలింగ్ అధికారులు, వీడియోగ్రాఫర్, పోలీసు కలిసి వస్తారు. ఓటరు చాటున బ్యాలెట్‌పై గుర్తు వేసి, కవరులో పెట్టి అంటిస్తారు. ఇంట్లో లేకపోతే మరోసారి వస్తారు. అప్పుడూ దొరక్కపోతే ఆ ఓటు పోయినట్లే. బూత్‌కు వెళ్లినా వేయనివ్వరు.

ఈ నియమాల్లో పెద్ద లోటు వలస కూలీలది. కోసిగి, మంత్రాలయం వంటి కర్నూలు పడమటి మండలాల నుంచి కరువు తరిమితే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికని గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు వెళ్తాయి. 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న వచ్చింది. ఆ రోజుకు ఊళ్లో లేనివారు ఓటు వేయాలంటే కూలి వదులుకుని, చార్జీలు పెట్టుకుని రావాల్సిందే. వయసును, వైకల్యాన్ని గుర్తించిన చట్టం కరువును గుర్తించకపోవడం అన్యాయం. ఎన్నికల సంఘం 2023 జనవరిలో వలస ఓటర్ల కోసం పార్టీల ముందు పెట్టిన రిమోట్ ఓటింగ్ యంత్రం అభ్యంతరాలతో ఆగిపోయింది.

ఓటరు గుర్తింపు కార్డులు 1993లో మొదలయ్యాయి. కార్డు లేనివారు ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటివి చూపవచ్చు. ఓటరు స్లిప్పు ఒక్కటే ఉంటే 2019 నుంచి చెల్లదు. జాబితాలో పేరు లేకుంటే ఏ కార్డూ అక్కరకు రాదు. ఓటరు అసలు మనిషి కాదని అనుమానం వస్తే అభ్యర్థి పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. తన ఓటు ఎవరో వేసేశారని బూత్‌లో తెలిసినవారు వెనుదిరగనక్కర్లేదు, టెండర్ ఓటు అడగాలి. అది యంత్రంలో కాక కాగితంపై వేసేది. విడిగా కవరులో భద్రపరుస్తారు. దొంగ ఓట్ల ఫిర్యాదులు వినిపించే ఊళ్లలో ఈ హక్కు అందరికీ తెలిసి ఉండాలి.

అల్లర్లు, ప్రకృతి వైపరీత్యాలు వస్తే పోలింగ్ వాయిదా వేసే అధికారం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 57వ సెక్షన్ ఇస్తుంది. బూత్ ఆక్రమణకు 58ఎ వర్తిస్తుంది. స్థానిక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. కరోనా కారణంగా 2020 మార్చి 15న ఆ సంఘం వాటిని వాయిదా వేయగా, పంచాయతీ పోలింగ్ 2021 ఫిబ్రవరిలో జరిగింది. కడప జిల్లా పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నికకు 2025 ఆగస్టు 12న పోలింగ్ జరగ్గా, రెండు బూత్‌లలో మర్నాడే రీపోలింగ్ పెట్టారు. ఇంత తక్కువ గడువులో ఊరు దాటిపోయినవారు తిరిగి రావడం కష్టం.